దీవిలో మనిషిని ఇంట్లో కట్టడి చేస్తే పడవ ఎవరు తోస్తారు?

పసిఫిక్ మహాసముద్రం మధ్యలో పిట్‌కెయిర్న్ అని బ్రిటన్ కింద ఉన్న దీవి ఒకటుంది. ఐదు చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ. విమానం దిగే చోటు లేదు. 1790లో బౌంటీ ఓడ మీద తిరగబడిన నావికులు 9 మంది, తహితీ వైపు నుంచి తెచ్చుకున్న ఆడవాళ్లు, మగవాళ్లతో అక్కడ దిగి, ఎవరికీ ఆనవాలు దొరక్కుండా ఓడను తగలబెట్టుకుని కాపురాలు పెట్టారు. ఇప్పటికీ అక్కడివాళ్లలో ఎక్కువమంది ఆ వంశాలవాళ్లే. అందరికీ అందరూ చుట్టాలు.

2004లో ఆ దీవిలో జనాభా 47. ఆ ఏడాది సెప్టెంబరు ఆఖరున అక్కడే కోర్టు పెట్టి, ఆడపిల్లల మీద ఏళ్ల తరబడి జరిగిన లైంగిక నేరాలకు ఏడుగురు మగవాళ్లను విచారించారు. దీవి మేయరు కూడా ఆ ఏడుగురిలో ఉన్నాడు. అక్టోబరులో తీర్పు వచ్చింది. ఆరుగురు దోషులు, ఒకరు నిర్దోషి. నలుగురికి 2 నుంచి 6 ఏళ్ల జైలు, మిగతా ఇద్దరికి 400, 300 గంటల సమాజ సేవ.

దీవుల్లో, దీవుల్లాంటి ఊళ్లలో న్యాయం గురించి మాట్లాడేవాళ్లు ఈ కేసును వివరంగా చూడాలి. మన పులికాట్ దీవుల్లో, మన సముద్రపొడ్డు పాలేల్లో ఎదురయ్యే చిక్కులన్నీ అక్కడ ఒకే చోట కనిపిస్తాయి.

మొదటి చిక్కు పడవ. పిట్‌కెయిర్న్‌కు ఓడ వస్తే ఒడ్డుకు రాలేదు, దూరంగానే ఆగుతుంది. దీవి జనమే పొడవాటి పడవలు వేసుకుని అలల్లోంచి వెళ్లి బియ్యం, డీజిలు, మందులు దించుకురావాలి. ఆ పడవలు నడిపే కండబలం ఉన్న మగవాళ్లలో చాలామంది ముద్దాయిల బోనులోనే ఉన్నారు. వీళ్లను లోపలేస్తే ఊరు బతకదన్న మాట విచారణ పొడుగునా వినిపించింది. శిక్షలు బ్రిటన్‌లో పడేదానికన్నా తక్కువగా ఉండడానికి, దీవి పరిస్థితిని లెక్కలోకి తీసుకున్నామని కోర్టే చెప్పింది. అప్పీలు తేలేదాకా దోషులు దీవి మీదే బెయిలుపై తిరిగారు. 2006 అక్టోబరు 30న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే ఆ దీవికి ఆఖరి అప్పీలు కోర్టు, అప్పీలు కొట్టేశాకే శిక్ష మొదలైంది.

రెండో చిక్కు కాపలా. ఊరి జైలుకు ఊరివాడే కాపలా ఉంటే బావకు బావమరిది కాపలా ఉన్నట్టే. అందుకని జైలు కాపలాకు న్యూజిలాండ్ నుంచి మనుషులను తెచ్చారు. న్యాయమూర్తులూ అక్కడి నుంచే. ఇంకో విడ్డూరం, ఆ జైలు కట్టే పనిలో ముద్దాయిలు కూడా చేతులేశారు. దీవిలో వేరే కూలీలు ఎక్కడున్నారు? బాధితుల్లో ఎక్కువమంది అప్పటికే దీవి వదిలిపోయి ఉన్నారు, వాళ్లు ఆక్లాండ్ నుంచి వీడియోలో సాక్ష్యం చెప్పారు. విచారణకు ముందు ఇళ్లలో ఉన్న తుపాకులు అప్పగించమన్నారు. 2010 నాటికి అందరూ శిక్ష పూర్తి చేసుకునో, మిగిలిన కాలానికి గృహ నిర్బంధంలోకి మారో జైలు బయటికి వచ్చేశారు.

అంత చిన్న దీవిలో గృహ నిర్బంధం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. దోషి తన ఇంట్లో ఉంటాడు. అతని ఇంటి అరుగు మీద నుంచి ఫిర్యాదు చేసినవాళ్ల కుటుంబం ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది. పట్నంలో గృహ నిర్బంధం మనిషిని లోకం నుంచి వేరు చేస్తుంది. దీవిలో అది మనిషిని తను నేరం చేసిన చోటే కూర్చోబెడుతుంది. దీన్ని మెతక శిక్ష అనేవాళ్లూ, కఠిన శిక్ష అనేవాళ్లూ ఇద్దరూ దోషి వైపు నుంచే చూస్తున్నారు. పక్కింట్లో ఉన్న పిల్ల వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది.

ఇక మన వైపుకు వద్దాం. తడ మండలంలో ఇరకం దీవి ఉంది. భీములవారిపాలెం రేవు నుంచి పడవలో పులికాట్ దాటి పోవాలి. 2022 ఏప్రిల్ దాకా అది నెల్లూరు జిల్లా లెక్కే, ఆ విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయింది. అసలైన దీవి అంటే అది. కానీ తడ నుంచి కొత్తపట్నం దాకా ఒడ్డున ఉన్న పట్టపుపాలేలు, అంటే పట్టపు కులం మత్స్యకారుల ఊళ్లు, చాలావరకు దీవుల్లాగే నడుస్తాయి. ఊరంతా ఒకే కులం, ఒకే వృత్తి, ఒకే రేవు. కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని దురాయి, అంటే కట్టుబాటు, వేస్తే అదే చట్టం. దురాయి వేట రోజుల గురించైతే, వలకన్ను గురించైతే, గొడవ లేదు. అలాంటివి ఉండబట్టే చేపపిల్ల బతుకుతోంది. ఫలానా ఇంటి మీద దురాయి పడినప్పుడు మాత్రం అది శిక్ష అవుతుంది. ఆ శిక్ష నిండా గృహ నిర్బంధమే, కాకపోతే తలుపుకు తాళం ఉండదు.

అది ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. "వాళ్లతో మాట్లాడబాకండి" అని మైకులో చెబుతారు, లేదా చాటింపు వేస్తారు. అంగట్లో సరుకు ఇవ్వరు. వాళ్ల బోటు నీళ్లలోకి తోయడానికి ట్రాక్టరు రాదు, కూలీ రాడు. వాళ్ల బోట్లో ఎవరూ ఎక్కరు, వాళ్లను ఎవరూ బోటెక్కించుకోరు. వాళ్ల చేప కొన్న వ్యాపారికి మిగతా ఊరు చేప ఇవ్వదు. పెళ్లికీ, చావుకూ పిలుపుండదు. మాట్లాడినవాడికి కూడా తప్పు వేస్తారు కాబట్టి సొంత అన్నదమ్ములు కూడా తలొంచుకుని పోతారు. కోర్టు వేసే శిక్షకు ఆఖరి రోజంటూ ఉంటుంది. దీనికి ఉండదు. జరిమానా కట్టి, పెద్దల కాళ్ల మీద పడేదాకా అది నడుస్తూనే ఉంటుంది.

ఇందులో ఏది నేరం, ఏది కాదు అన్న దగ్గరే చాలా ఫిర్యాదులు దెబ్బతింటాయి. "మమ్మల్ని వెలివేశారు" అని ఒక్క వాక్యం రాసి స్టేషన్లో ఇస్తే, మాట్లాడకపోవడం నేరం కాదు పొమ్మంటారు. నిజమే, ఒకరితో మాట్లాడాలని చట్టం ఎవరినీ బలవంతం చేయదు. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కరణ మీద 2016లో చేసిన ప్రత్యేక చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు. మనకు అలాంటి విడి చట్టం లేదు. కాబట్టి వెలి అనే పెద్ద మాటను పక్కన పెట్టి, దాని లోపల జరిగిన ఒక్కో పనిని విడదీసి రాయాలి.

బోటు ఇంజను విప్పుకుపోతే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 303వ సెక్షను, దొంగతనం. తాడు కోస్తే 324, ఆస్తికి నష్టం చేయడం. రేవులో అడ్డం నిలబడ్డారా? ఇది అదే సంహిత 126వ సెక్షను, అక్రమ అడ్డగింత. నెల దాకా జైలు, 5,000 దాకా జరిమానా. నాలుగు దిక్కులా కదలనివ్వకపోతే 127, అక్రమ నిర్బంధం. దీనికి ఏడాది. నిర్బంధం మూడు రోజులు నిండితే మూడేళ్ల దాకా, పది రోజులు నిండితే ఐదేళ్ల దాకా పెరుగుతుంది. అందుకే తేదీలు ముఖ్యం. "చాలా రోజుల నుంచి" అని రాసే ఫిర్యాదుకు ఈ తేడా దక్కదు. తాళం వేస్తేనే నిర్బంధం అనుకోవడం కూడా పొరపాటు. బయటికి వస్తే కాల్చేస్తామని దారుల దగ్గర తుపాకులతో మనుషులను పెట్టినా నిర్బంధమేనని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. జరిమానా కట్టకపోతే వేటకు పోనివ్వమని బెదిరించి డబ్బు తీసుకుంటే 308వ సెక్షను, బలవంతపు వసూలు, ఏడేళ్ల దాకా. బెదిరింపు వరకే అయితే 351.

ఇరకం లాంటి చోట మెలిక ఇంకొకటుంది. సొంత పడవ ఉన్న ఆసామి "నిన్ను ఎక్కించుకోను" అంటే అది నేరం కాదు, అతని పడవ అతని ఇష్టం. పంచాయతీ వేలం పాటలో ఇచ్చిన రేవు పడవ అయితే అలా అనడానికి లేదు. ఆ ఫిర్యాదు పోలీసుల కన్నా ముందు పంచాయతీ కార్యదర్శికి, ఎంపీడీవోకు రాతపూర్వకంగా పోవాలి. అలాగే 126వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. నేల మీదైనా నీటి మీదైనా అది సొంత దారి అనీ, అడ్డుకునే హక్కు తనకుందనీ మంచి నమ్మకంతో అడ్డుకుంటే నేరం కాదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. "ఆ పాడు (వంతు ప్రకారం వల వేసే చోటు) మాది, అందుకే ఆపాం" అంటారు. దానికి జవాబు సిద్ధంగా ఉండాలి. అంతకుముందు అదే నీళ్లలో మీరు వల వేసినట్టు చూపే చేప కాటా చీటీలు, ఐసు బిల్లులు, డీజిలు రాయితీ కాగితాలు, బోటు రిజిస్ట్రేషను, ఇవన్నీ పనికొస్తాయి.

కులం కూడా చూడాలి. వెలి పడింది యానాది కుటుంబం మీదైతే, వేసినవాళ్లు ఎస్సీ ఎస్టీలు కాకపోతే దారి వేరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జెడ్‌సీ) కింద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ దానికదే నేరం. బహిష్కరిస్తామని బెదిరించినా చాలు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, ముందస్తు బెయిలు లేదు. అదే వెలి పట్టపు ఇంటి మీద పడితే ఈ చట్టం వర్తించదు, మళ్లీ 126, 127ల దగ్గరికే రావాలి. ఒకే రేవులో ఒకే అన్యాయానికి రెండు చట్టాలన్నమాట.

ఫిర్యాదు కాగితంలో ఏముండాలి? కాపులు కూర్చున్న రోజు, చోటు, మాట చెప్పిన మనిషి పేరు, అతను అన్న మాట అన్నట్టుగానే. వేటకు పోలేకపోయిన రోజులు ఒక్కొక్కటి. అంగట్లో సరుకు నిరాకరించిన తేదీ. జరిమానా అడిగిన మొత్తం, కట్టి ఉంటే ఎవరి చేతికి ఇచ్చారు. మైకు ప్రకటన ఫోన్లో రికార్డయి ఉంటే ఆ ఫోనును అలాగే దాచాలి. వాట్సాప్‌లో పంపి అసలు ఫైలు చెరిపేస్తే కోర్టులో చిక్కు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కావాలి, అసలు ఫోను చేతిలో ఉంటే అది తేలిక. స్టేషనువాళ్లు సముద్రం మీద జరిగింది మా పరిధి కాదు, మెరైన్ వాళ్ల దగ్గరికి పొమ్మంటే, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షను చూపించాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ కట్టాలి. ఫోన్లోనో మెయిల్లోనో పంపితే మూడు రోజుల్లోపు పోయి సంతకం పెట్టాలి. పడవ దొరకని దీవికి ఈ మూడు రోజులు తక్కువే. కట్టకపోతే ఎస్పీకి పోస్టులో, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి. 126, 127(2) లాంటి ఏడాది దాకా శిక్ష ఉన్న కేసుల్లో ఎఫ్ఐఆర్ గానీ, కోర్టులో ఫిర్యాదు గానీ ఏడాదిలోపే పడాలన్న గడువు ఉంది. ఈ వేసవికి పెద్దలే సర్దుతారులే అని కూర్చుంటే అది దాటిపోతుంది.

మనిషిని నిజంగానే ఇంట్లో పెట్టేసి కదలనివ్వకపోతే ఎఫ్ఐఆర్ కోసం చూడక్కర్లేదు. అదే సంహితలో 100వ సెక్షను కింద కలెక్టరు గానీ, ఆర్డీవో గానీ, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు గానీ సోదా వారంటు ఇచ్చి మనిషిని తమ ముందుకు తెప్పించవచ్చు. చుట్టాలెవరైనా ఒడ్డు చేరి అర్జీ పెడితే చాలు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే రిట్) కన్నా ఇది దగ్గరి దారి. లాయరుకు డబ్బు లేకపోతే 15100కు ఫోను చేయాలి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది.

నీళ్ల వంతు గురించిన గొడవకు ఆర్డీవో దగ్గరే మందు ఉంది గానీ, చాలామంది దాని గడువు చూసుకోరు. సురక్షా సంహిత 164వ సెక్షనులో నేల, నీరు అన్న మాటకు చేపలు పట్టే చోట్లు కూడా కలుస్తాయని రాసే ఉంది. బలవంతంగా గెంటేసిన రెండు నెలల్లోపు విషయం మేజిస్ట్రేటుకు చేరితే, స్వాధీనంలో మీరే ఉన్నట్టు లెక్క కట్టవచ్చు. వాడుక హక్కు అయితే 166వ సెక్షను. ఏడాది పొడుగునా ఉండే హక్కును అర్జీకి ముందు మూడు నెలల్లో వాడి ఉండాలి. ఒక కారుకే (వేట కాలానికే) పరిమితమైన హక్కు అయితే కిందటి కారులో వాడి ఉండాలి. ఒక కారు వేట వదులుకుని ఊరుకున్నవాళ్లకు మరుసటి ఏడు ఈ తలుపు మూసుకుపోతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధంలో ఈ గడువులు ఆగుతాయని ఎక్కడా లేదు.

ఇప్పుడు టీవీల్లో రోజూ వినే హౌస్ అరెస్టు సంగతి. ధర్నా ముందు రోజు రాత్రి నాయకుడి గేటు దగ్గర కానిస్టేబుళ్లు నిలబడతారు. చేతిలో సురక్షా సంహిత 168వ సెక్షను నోటీసు ఉంటుంది. ఆ సెక్షను నేరాన్ని ఆపడానికి పోలీసు జోక్యం చేసుకోవచ్చంటుంది గానీ, ఇంటికి గొళ్లెం పెట్టమనదు. ముందస్తుగా అరెస్టు చేయాలంటే 170 ఉంది, అదీ 24 గంటలే. అరెస్టు చేస్తే మెమో రాయాలి, సాక్షి సంతకం కావాలి, కారణం చెప్పాలి, చుట్టాలకు కబురు పెట్టాలి. ఇంట్లోనే ఉంచి అరెస్టు కాదంటే ఆ 24 గంటల గడియారం మొదలే కాదు. గేటు దగ్గర జరిగే అన్యాయమంతా ఇక్కడే ఉంది. కాబట్టి అడగాల్సినవి మూడు. ఏ సెక్షను, ఎన్ని గంటల నుంచి, ఏ అధికారి ఉత్తర్వు. రాసివ్వకపోతే మీరే రాసి ఎస్పీ ఆఫీసుకు మెయిలు పెట్టాలి, దాని మీద టైము నమోదవుతుంది.

దీవిలో అరెస్టుకు ఇంకో చిల్లు ఉంది. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న లెక్కలో ప్రయాణ కాలం కలపరు. గాలి ఎక్కువగా ఉంది, పడవ కదల్లేదు అంటే ఆ గంటలన్నీ ప్రయాణంలోకి పోతాయి. మెమోలో పట్టుకున్న టైముతో పాటు పడవ ఎక్కించిన టైము, ఒడ్డు దిగిన టైము రాయించుకోవడం చిన్న పనే, తర్వాత బెయిలు దగ్గర చాలా ఉపయోగపడుతుంది.

కోర్టు వేసే గృహ నిర్బంధం వేరు. 2018లో భీమా కోరేగావ్ కేసులో హైదరాబాదులో ఉన్న వరవరరావు గారితో సహా ఐదుగురిని ఇళ్లలోనే ఉంచమని సుప్రీంకోర్టు చెప్పాక ఈ మాట మనకు బాగా తెలిసింది. 2021 మే నెలలో ఆ ఐదుగురిలో ఒకరైన గౌతమ్ నవ్‌లఖా కేసులో, రిమాండును గృహ నిర్బంధంగా కూడా వేయవచ్చని చెప్పి, చూడాల్సినవి కూడా చెప్పింది. వయసు, ఆరోగ్యం, పాత చరిత్ర, నేరం తీరు, నిర్బంధాన్ని అమలు చేయగలమా లేదా. 2022 నవంబరులో ఆయనకే అది ఇచ్చినప్పుడు కాపలా ఖర్చుకు ముందుగా 2.4 లక్షలు కట్టమన్నారు, సీసీ కెమెరాలు పెట్టమన్నారు, పోలీసు ఫోనులో రోజుకు 10 నిమిషాలు మాట్లాడనిచ్చారు. 2024లో ఎన్ఐఏ కాపలా ఖర్చు 1.64 కోట్లని లెక్క చూపింది. ఆ మేలో బెయిలిస్తూ 20 లక్షలు కట్టమన్నారు. విజయవాడ ఏసీబీ కోర్టు 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు గారి గృహ నిర్బంధం అర్జీని కొట్టేసింది. పేరున్నవాళ్లకే ఇంత తకరారు ఉంటే, ఒంటిగది ఇంట్లో ఉండే మత్స్యకారుడికి ఏ కోర్టు ఇస్తుంది? అమలు చేయగలమా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కరెంటు పోతే కెమెరా లేదు, కాపలా కానిస్టేబులుకు దీవిలో పడుకునే చోటు లేదు.

అందుకని మన కోర్టులు చేసేది దీనికి తలకిందుల పని. బెయిలిస్తూ "ఊళ్లోకి పోవద్దు" అని షరతు పెడతాయి. ఫిర్యాదిని కాపాడటానికి దీవిలో ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం. కానీ ముద్దాయి బోటు, వల, ఇంజను అన్నీ ఆ ఊరి రేవులోనే ఉంటాయి. లాయర్లు సాధారణంగా షరతు ఎత్తేయమని అర్జీ వేస్తారు, అది పోతుంది. దానికన్నా బోటును వేరే రేవుకు మార్చుకోవడానికి ఒక పగలు, పోలీసు సమక్షంలో అనుమతి అడిగితే దొరికే అవకాశం ఎక్కువ.

నేరం పిల్లల మీద అయితే పైన చెప్పిన సర్దుబాట్లేవీ పనికిరావు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. కాపులు కూర్చుని జరిమానాతో మాఫీ చేస్తే 21వ సెక్షను కింద వాళ్లే ముద్దాయిలవుతారు. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. చిన్న దీవిలో ఈ నియమమే పిల్ల గుట్టు బయటపెడుతుంది. పరాయి ఆడమనిషి పడవ దిగి ఏ ఇంటికి పోయిందో క్షణంలో ఊరంతటికీ తెలుస్తుంది. చట్టం పిల్ల కోరుకున్న చోట కూడా వాంగ్మూలం తీసుకోవచ్చంటోంది. ఒడ్డున అమ్మమ్మ ఇల్లో, వేరే మండలంలో తెలిసినవాళ్ల ఇల్లో చూసుకోవాలి. కోర్టులో పిల్ల ముద్దాయికి ఎదురుపడకుండా 36వ సెక్షను కింద వీడియోలోనో, తెర చాటునో చెప్పించవచ్చు. పిట్‌కెయిర్న్‌లో పనిచేసింది కూడా ఈ పద్ధతే.

పెద్దవాళ్ల మధ్య గొడవలు చాలావరకు రాజీతోనే ముగుస్తాయి, అందులో తప్పు లేదు. 126, 127ల కేసులు రాజీకి వీలైనవే, లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. పోక్సో, అట్రాసిటీ కేసులకు ఆ వీలు లేదు, పెద్దలు రాయించిన కాగితం అక్కడ చెల్లదు. రాజీ కాగితం మీద "ఇకపై కలిసిమెలిసి ఉంటాము" అని మాత్రం రాస్తే ఏమీ రాయనట్టే. దురాయి ఏ తేదీ నుంచి ఎత్తేశారు, అదే మైకులో ఆ మాట ఎప్పుడు చెబుతారు, కట్టిన జరిమానా ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, ఇంజను ఎవరు అప్పగిస్తారు, పాడు వంతు ఏ రోజున మొదలవుతుంది, ఇవి రాయాలి. కాపుల సంతకాలు, ఒక నకలు తహసీల్దారు ఆఫీసులో. మళ్లీ గొడవ రేగే అనుమానం ఉంటే 126వ సెక్షను కింద, ఇది న్యాయ సంహితలోది కాదు, సురక్షా సంహితలోది, ఏడాది దాకా శాంతి బాండు రాయించమని ఆర్డీవోను అడగవచ్చు.